దిద్దిన తేదీ

మా కుటుంబ చరిత్ర పుస్తకంలో, పదకొండో పేజీలో, ఒక అబద్ధం ఉంది. రాసింది నేను. రాయమన్నది మేమందరం.

మా తాతమ్మ పెళ్ళి 1908లో జరిగిందని అక్కడ అచ్చయింది. నిజానికి జరిగింది 1911లో. చేయి జారి పడ్డ అంకె కాదది. పెళ్ళి సర్టిఫికెట్ బల్ల మీద పెట్టుకుని, ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని చదివి, కూడబలుక్కుని వేసిన అంకె. పదిహేనేళ్ళు దాటినా ఆ పేజీ తెరిచినప్పుడల్లా నా చూపు దాని మీదే పడుతుంది. ఇన్నాళ్ళూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు కూడా మిగలరు.

ఒంగోలు దగ్గర మా ఊళ్ళో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద రేకుపెట్టె దొరికింది. నాయనమ్మ నేతచీరలు రెండు, శిస్తు రసీదులు కొన్ని, అడుగున గుడ్డలో చుట్టిన బైబిలు. బైబిల్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర అరిగి వెలుతురు కనపడుతోంది. అచ్చు ఫారం ఇంగ్లీషులో ఉంది, పాళీ కలంతో నింపారు, సిరా ఇటుకరంగుకి తిరిగింది. తేదీ, వధూవరుల పేర్లు, వయసు, 'కండిషన్' అని ఒక గడి, వృత్తి, నివాసం, తండ్రి పేరు, సంతకాలు, సాక్షులు, పెళ్ళి జరిపించినవారి పేరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద మన జిల్లాల్లో జరిగిన పెళ్ళిళ్ళ కాగితాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. గడులన్నీ చూశాక ఒకటి లేదని తెలుస్తుంది. తల్లి పేరుకు గడి లేదు.

మాది బాప్టిస్టు మిషన్ వల్ల క్రైస్తవులైన కుటుంబం. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. కాబట్టి లూథరన్ల ఇళ్ళలో దొరికినట్టు పుట్టిన బిడ్డ పేరూ, తల్లిదండ్రుల పేర్లూ ఉన్న బాప్తిస్మపు పుటలు మాకు దొరకవు. అప్పట్లో మా ఆడవాళ్ళలో ఎక్కువమంది పేరు కాగితం మీదికి మొదటిసారి ఎక్కింది పెళ్ళినాడే. చాలామందికి చివరిసారి కూడా అదే. అలాంటి ఒక్క కాగితం మా చేతికి దొరికింది. దాన్ని మేం ఏం చేశామన్నదే ఇక్కడ చెప్పాల్సింది.

మొదట ఎవరికి కావాల్సింది వాళ్ళు వెతుక్కున్నాం. బాబాయి ఇంటిపేరు వెతికాడు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఫోనులోనే 'వృత్తి గడిలో ఏముంది' అని అడిగాడు. ఉపదేశి అనో పంతులు అనో ఉంటుందని వాడి ఆశ. 'కూలి' అని ఉంది. పుస్తకంలో 'వ్యవసాయం' అని రాశాం. తండ్రి పేరు గడిలో మా ముత్తాత తండ్రి పేరు చివర 'గాడు' అని ఉంది. ఊరు ఆయన్ని అలాగే పిలిచింది, కాగితం అలాగే రాసుకుంది. మేం 'అయ్య' చేశాం. ఆయనకు దక్కాల్సిన మర్యాద ఆయనకిచ్చాం అనుకున్నాం. అలా అనుకోవడంలో తప్పులేదని ఇప్పటికీ అంటాను. కాని కాగితంలో ఏముందో ఒక్క వాక్యం కింద రాసి ఉండాల్సింది. ఊరు మా పెద్దలను ఏమని పిలిచిందో చెప్పే సాక్ష్యం అది. మేమే దాన్ని చెరిపేసి, రేపు ఎవరైనా 'అప్పట్లో అలాంటివి లేవు' అంటే ఏం చూపిస్తాం?

నివాసం గడి చూసి ఒక కథే అల్లాం. ముత్తాత తండ్రిదని మా ఇంట్లో దాచిన ఒక పాత మిషన్ చీటీలో 'ఒంగోలు తాలూకా, నెల్లూరు జిల్లా' అని ఉండేది. ఈ సర్టిఫికెట్‌లో 'ఒంగోలు తాలూకా, గుంటూరు జిల్లా'. తాలూకా పేరు రెండింట్లోనూ ఒకటే. అయినా మా కళ్ళు జిల్లా దగ్గరే ఆగిపోయాయి. నెల్లూరు నుంచి గుంటూరు వైపు బతుకుదెరువు కోసం నడిచి వచ్చారనీ, దారిలో కరువనీ, భుజాన బిడ్డలనీ, రెండు పేజీలు కన్నీళ్ళొచ్చేలా రాశాను. వాళ్ళు ఊరు కదల్లేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు తాలూకాను నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 1970లో మళ్ళీ తీసి ఇప్పటి ప్రకాశం జిల్లాలో పెట్టారు. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు వాళ్ళ మీదుగా నడిచింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. జిల్లాలు ఎప్పుడు పుట్టాయో నోటికి చెప్పగలను. మా ఇంటి కాగితం చదివేటప్పుడు ఆ చదువు గుర్తుకురాలేదు. వలస కథ బాగుంది, గొప్పగా ఉంది, కాబట్టి గుర్తుకురానివ్వలేదు అనడమే నిజం.

ఇవన్నీ ఒక ఎత్తు. 'కండిషన్' గడి మరో ఎత్తు.

వరుడి పక్కన 'బ్యాచిలర్' అని ఉంది. వధువు పక్కన 'విడో' అని ఉంది. వయసు పద్దెనిమిది.

ఆ మాట ముందు చూసింది నేనే. చదివి, పక్కవాళ్ళకు చెప్పకుండా కాసేపు ఊరుకున్నాను. తర్వాత బాబాయికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "రాసినోడు తప్పు రాశాడులే. పద్దెనిమిదేళ్ళ పిల్ల ముండమోసేదేంది?" అన్నాడు. ఆ మాట మా అందరికీ హాయిగా తోచింది. రాసినోడి తప్పు.

అయితే లెక్క కుదరలేదు. మా పెదతాత 1909లో పుట్టాడని ఆయన సమాధి రాతి మీద ఉంది. పెళ్ళి 1911. రాసినోడు తేదీ కూడా తప్పే రాశాడా? రెండు తప్పులు పక్కపక్కన పెడితే ఒక నిజం తేలుతుంది: తాతమ్మకు అంతకుముందే పెళ్ళయింది, మొగుడు పోయాడు, చంకలో బిడ్డతో ఆమె మా ముత్తాతను చేసుకుంది. మా పెదతాత ఆ మొదటాయన బిడ్డ. ఆ రాత్రి బల్ల చుట్టూ కూర్చున్న ఏడుగురిలో ఇది అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు. పైకి అన్నవాళ్ళు మాత్రం లేరు. "1908 అని వెయ్యి, గొడవ వదిలిపోద్ది" అని ఎవరన్నారో నాకు గుర్తుంది. ఆ పేరు చెప్పి నా భుజాలు దులుపుకోను. కలం నా చేతిలో ఉంది.

మా పుస్తకం మొదటి పేజీ దేనితో మొదలవుతుందో చెప్పాలి. 1876-78 కరువు, బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మా వాళ్ళకు పని ఇప్పించడం, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం. ఆ అంకెను పెద్ద అక్షరాల్లో వేయించాం. రెండువేల రెండువందల ఇరవై ఇద్దరి మీద మాకున్న గర్వం, మమ్మల్ని కన్న ఒక్క ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చాలా ఆలోచించాను. మా పల్లెల్లో మారుమనువు ఎప్పుడూ ఉంది. మొగుడు పోయిన పిల్లను ఇంకొకరికి ఇవ్వడం, ఆమె బిడ్డను ఆ ఇంట్లోనే పెంచడం కూలినాలి చేసుకునే కులాల్లో మామూలు సంగతి. దానికి సభలూ సన్మానాలూ లేవు, వెలీ లేదు. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన పాఠాన్ని నేను ఏటా తొమ్మిదో తరగతికి ఒళ్ళు పులకరించేలా చెప్పేవాణ్ణి. ఆ పెళ్ళి గొప్పదే. ఎంత ఎదురుగాలిలో చేశారో తెలిసినవాడెవడూ కాదనడు. కాని అదే పని మా తాతమ్మ చేస్తే నేను తేదీ దిద్దాను. చదువుకుని పై మెట్టెక్కి, విధవను చూస్తే ముఖం తిప్పుకునేవాళ్ళ సిగ్గును అరువు తెచ్చుకుని, ఆ సిగ్గు ఎరగని మా తాతమ్మకు అంటగట్టాం.

ఆ కాగితాన్ని చట్టంతో పాటు చదివి ఉంటే ఒక్క క్షణం కూడా తప్పు రాశాడనేవాళ్ళం కాదు. దేశీయ క్రైస్తవుల పెళ్ళికి ఆ 1872 చట్టం పెట్టిన షరతుల్లో ముఖ్యమైనది, వధూవరుల్లో ఎవరికీ బతికి ఉన్న భార్యగాని భర్తగాని ఉండకూడదని. 'విడో' అన్న మాట పెళ్ళి జరిపించినాయన నోరుజారి రాసింది కాదు. ఒకసారి పెళ్ళయిన పిల్లకు మళ్ళీ పెళ్ళి చేయడానికి చట్టం ఆయనకిచ్చిన అనుమతే ఆ మాట. అది లేకపోతే ఆ పెళ్ళే లేదు. వయసు కూడా అంతే. అప్పట్లో ఆ చట్టం మగవాడికి పదహారు, ఆడపిల్లకు పదమూడు దాటాలంది. అందుకే పాత సర్టిఫికెట్లలో పద్నాలుగు, పదిహేడు అని కనిపిస్తే అది పుట్టినతేదీ లెక్కనా, గీత దాటించడానికి చెప్పిన లెక్కనా అని ఆగి ఆలోచించాలి. మా తాతమ్మ పద్దెనిమిదికి అలాంటి అవసరం లేదు. అందుకే ఆ పద్దెనిమిదిని నేను నమ్ముతున్నాను.

ఇంకొకటి ఉంది. తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. ఆ చట్టం కింద దేశీయ క్రైస్తవులకు సర్టిఫికెట్ ఊరికే చేతిలో పెట్టేవాళ్ళు కాదు. ఇద్దరిలో ఒకరు అడగాలి, నాలుగణాల రుసుము కట్టాలి. 1911లో కూలికెళ్ళే ఇంట్లో నాలుగణాలు చిన్న సొమ్ము కాదు. అంటే ఎవరో పనిగట్టుకుని అడిగారు. రేపు ఎవరైనా ఈ మనువు మనువే కాదంటే చూపించడానికి, చంకలో బిడ్డకు ఒక నీడ ఉండటానికి, ఆమే అడిగి ఉంటుందని నా మనసు చెబుతుంది. డబ్బు కట్టి తీసుకుని, బైబిల్లో దాచి, కోడలికి అప్పగించిన నిజం అది. కోడలు దాన్ని చీరల కింద కాపాడింది. చదువురాని ఆ ఇద్దరి చేతుల్లో భద్రంగా ఉన్నది, చదువుకున్న మా చేతికొచ్చాక పాడైంది.

అటక మీదికి ఎందుకు చేరిందో కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బి.సి.-సి కింద లెక్కేస్తారు. చర్చి కాగితం బయటపడితే ఆ హోదా పోతుందని భయం. అందుకే మా ఇళ్ళలో చాలామందికి బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. చర్చిలో పెళ్ళి చేసుకుని సర్టిఫికెట్ అడగనివాళ్ళున్నారు, అడిగి తెచ్చుకుని పొయ్యిలో పెట్టినవాళ్ళున్నారు. ఆ భయం మేం పుట్టించుకున్నది కాదు. మా నాన్న ఆ పెట్టెను అటకెక్కించాడంటే ఆయన్ని నేను తప్పుపట్టను. కాని భయంతో కాగితాలను ఊరినుంచి దాచడం వేరు, ఇంట్లో పిల్లలనుంచి దాచడం వేరు. మా పెద్దలెవరో మాకు తెలియకుండా పెంచారు, మేమూ మా పిల్లలను అలాగే పెంచాం. దాచీ దాచీ, చివరికి దాచాల్సిన అవసరం లేనిదాన్ని కూడా దాచే అలవాటు వచ్చేసింది మాకు. తాతమ్మ మారుమనువుకూ 1950 ఉత్తర్వుకూ ఏ సంబంధం లేదు. అయినా అదే పెట్టెలో పడేసి మూతేశాం.

మా ఒక్క ఇంటి జబ్బు కాదనడానికి ఒకటి చెబుతాను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు వైదిక కుటుంబంలో పుట్టినవాడు. తన నాయనమ్మ లగ్నపత్రిక తెచ్చాడు ఒకసారి, తేదీ తేల్చమని. శుక్ల నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం. శుక్ల అరవై ఏళ్ళకొకసారి వస్తుంది, 1869-70లో ఒకటి, 1929-30లో ఒకటి. ఆమె 1990 దాకా బతికింది కాబట్టి రెండోదేనని సులువుగానే తేల్చాం. పత్రికలో వధువు వయసు లేదు. తాత ముత్తాతల పేర్లు, గోత్రం, ప్రవర అన్నీ ఉన్నాయి, తల్లి పేరు లేదు. అక్కడా లేదు. "ఆ ఏడు ఇంట్లో ముగ్గురాడపిల్లలకూ ఒక్క నెలలో చేశారట, ముహూర్తాలు బాగా కుదిరినట్టున్నాయి" అన్నాడాయన. నేనూ తలూపాను. ఇద్దరం టీ తాగి లేచాం. ఉగాది వెళ్ళగానే, 1930 ఏప్రిల్ 1 నుంచి, శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేస్తే నేరం. ఆ తేదీ రాకముందే ముగించేద్దామని దేశమంతటా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు హడావిడిగా చేశారు. ఆ ముగ్గురిలో చిన్నపిల్లకు ఎన్నేళ్ళో లెక్కేయడానికి లెక్కల మాస్టారికి నిమిషం పట్టదు. వేయలేదు. నేను గుర్తుచేయలేదు. ఆయన పోయాడు. ఆ లగ్నపత్రిక ఏమైందో, ఆ ముగ్గురి గురించి ఎవరైనా అడిగారో లేదో.

పుస్తకం అచ్చయ్యాక క్రిస్మస్ కూడికలో అందరికీ పంచాం. పెదతాత పిల్లలూ వచ్చారు. వాళ్ళు ఎప్పుడూ పందిట్లో చివరి వరసలోనే కూర్చునేవాళ్ళు, ఎందుకో ఎవరం అడగలేదు. 'వాళ్ళు కొంచెం వేరు' అన్న మాట మాత్రం మా చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఎందుకు వేరో మాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. తెలిసేలా చేయగల కాగితం దొరికినప్పుడు మేం దాన్ని దిద్దాం. నిరుడు సంక్రాంతికి పెదతాత మనవరాలు, మా అక్క, మా ఇంటికొచ్చింది. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నేరుగా అడిగింది.

"ఏరా అబ్బాయా, తాతమ్మ పెళ్ళి కాగితం నీ దగ్గరుందంట గదా. మా తాత పుట్టినాక జరిగిందంట గదా ఆ పెళ్ళి. నిజమేనా?"

ఎవరు చెప్పారని అడగలేదు నేను. లోపలికెళ్ళి కాగితం తెచ్చి ముందు పెట్టాను. ఇంగ్లీషు గడులన్నీ చదివి తెలుగులో చెప్పాను, 'విధవ' అన్న మాటతో సహా. ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. ఆమె కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మడత పడ్డచోట వేలుపెట్టి, "ఇక్కడేందో తెలుగులో ఉంది గదరా" అంది.

సాక్షుల గడి అది. మూడు పేర్లున్నాయి. రెండు సంతకాలు. మూడోది వేలిముద్ర, దాని పక్కన ఇంగ్లీషులో ఒక ఆడమనిషి పేరు. ఇన్నేళ్ళూ ఎవరో సంఘపు మనిషి అనుకుని వదిలేశాను. వేలిముద్ర కింద, సరిగ్గా మడత మీద, గొలుసుకట్టులో సన్నగా రెండు మాటలున్నాయి. నాకు గొలుసుకట్టు చదవడం రాదు. తెలుగు అక్షరాలే అయినా గీతల్లా కనిపించి వదిలేశాను. అక్కకు వచ్చు. వాళ్ళ తాత ప్రోనోట్లు, దస్తావేజులు చదివి వినిపించడానికి చిన్నప్పుడు నేర్చుకుందట. కూడబలుక్కుని చదివింది.

"పెండ్లికుమార్తె తల్లి."

తల్లికి గడి లేని కాగితంలో, సాక్షుల గడిలో, ఆ తల్లి వేలు ఒత్తి నిలబడి ఉంది. విధవరాలైన కూతురికి మళ్ళీ పెళ్ళి చేయడానికి వచ్చింది. తన పేరు చెప్పి రాయించుకుంది. మా పుస్తకంలో ఐదు తరాల మగవాళ్ళ పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. ఇక్కడా రాయను. ఆ పేరు ముందు తన మనవలకు తానే చెప్పుకుంటానంది అక్క.

తర్వాత అడిగింది, "మరి మా తాత వాళ్ళ నాన్న పేరో?"

ఆ కాగితంలో లేదు. మొదటి మొగుడి పేరు రాయమని ఫారం అడగదు. కాని ఆ పేరు తెలిసిన మనిషి ఒకరు, మేం పుస్తకం అచ్చేసేనాటికి, బతికే ఉంది. మా చిన్నజేజి, తాతమ్మ చిన్న కోడలు. తొంభై దాటినా మాట స్పష్టం. బల్ల చుట్టూ మేం తేదీ దిద్దుతున్నప్పుడు పక్కగదిలో మంచం మీద పడుకుని ఉంది. "జేజీ, తాతమ్మ మొదటాయన పేరేంది?" అని ఒక్కమాట అడిగితే చెప్పేది. అడిగితే మాకు తెలిసిందని ఆమెకు తెలిసిపోతుందని అడగలేదు. మూడేళ్ళకు కన్నుమూసింది. దిద్దిన తేదీని సరిదిద్దుకోవచ్చు, ఆ పేరును మాత్రం తిరిగి తెచ్చుకోలేం. అక్కకు ఈ సంగతీ చెప్పాను. ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అన్నం తిని వెళ్ళమంటే వద్దంది.

ఈ మధ్య ఒక సవరణ చీటీ అచ్చువేయించాను. పెళ్ళి సంవత్సరం 1911. తాతమ్మ అప్పటికి విధవ, ఒక బిడ్డ తల్లి. పెదతాత తండ్రి పేరు మాకు తెలియదు, తెలుసుకోగలిగినప్పుడు మేం అడగలేదు. వృత్తి: కూలి. వలస కథ అబద్ధం, ఊరు కదల్లేదు. ముత్తాత తండ్రి పేరు కాగితంలో ఎలా ఉందో అలాగే. సాక్షి: వధువు తల్లి. పుస్తకాలు వెళ్ళిన ఇళ్ళన్నిటికీ పోస్టు చేస్తున్నాను, పదకొండో పేజీలో అంటించుకోమని. ఆ రాత్రి బల్ల చుట్టూ ఉన్న ఏడుగురిలో ఇద్దరు లేరు. ముగ్గురు సరేనన్నారు. "ఇప్పుడెందుకురా ఇదంతా, పిల్లల సంబంధాలు చూస్తున్నాం" అని మా పెద్దన్నయ్య ఫోను పెట్టేశాడు. ఆయన ఇంటికి వెళ్ళాల్సిన కవరు మీద చిరునామా రాసి, స్టాంపు అంటించి ఉంచాను. వారం నుంచి బల్ల మీదే ఉంది. రేపు పొద్దున నేనే తీసుకెళ్ళి డబ్బాలో వేస్తాను.